పడుకోబెట్టే ఆయమ్మ

ఆయమ్మకి నోరెక్కువ అని అందరూ అంటారు. అనేవాళ్లలో సగం మందిని చిన్నప్పుడు ఆవిడే పడుకోబెట్టింది కాబట్టి ఆ మాట పట్టించుకోదు. నా నోరే లేకపోతే మీ కళ్లు మూతపడేవా అని ఎదురు తిరుగుతుంది. అదీ నిజమే మరి.

నూలు మిల్లులో పనిచేసే ఆడవాళ్ల పిల్లల కోసం గేటు పక్కన ఒక పొడవాటి గది ఉండేది. పెళ్లైన కొత్తల్లో ఆవిడ ఆ గదిలో ఆయాగా చేరింది. మొగుడు పోయినా, జుట్టు నెరిసినా అక్కడే ఉండిపోయింది. పాలు పట్టడం, ముక్కులు తుడవడం, కొట్టుకునేవాళ్లని విడదీయడం ఎవరైనా చేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గదెడు పిల్లల్ని ఒకేసారి నిద్రపుచ్చడం మాత్రం ఆవిడకే చెల్లింది. కిటికీలు మూసేది, వరసగా చాపలు పరిచేది, అందరికంటే ముందు తనే మధ్యలో వాలిపోయి కళ్లు మూసుకుని చిన్నగా గురక మొదలుపెట్టేది. ఆయమ్మే పడుకుంటే ఇంకెవర్ని ఏడిపించాలి? కాసేపు అటూ ఇటూ దొర్లి పిల్లలు ఒక్కొక్కళ్లే దారికొచ్చేవాళ్లు. అందరూ పడుకున్నాక ఆవిడ ఒక కన్ను తెరిచి చూసి, చప్పుడు చెయ్యకుండా లేచి, గుడ్డలు ఉతుక్కునేది. అన్నేళ్ల ఉద్యోగంలో పనివేళ ఒక్క కునుకు తియ్యలేదని ఆవిడకి మహా గర్వం. అడిగితే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

తర్వాత మిల్లులోకి కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి పిల్లలుండరు కదా, గది మూసేశారు.

ఆయమ్మ కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. సైనికుల విశ్రాంతి భవనంలో ఆయా కావాలని తెలిసి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ, ఇంతకుముందు ఏం పని చేసేవారని అడిగింది. పడుకోబెట్టడం అని చెప్పింది ఆయమ్మ. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, రేపటినుంచే వచ్చెయ్యమంది.

ఆ భవనానికి వచ్చే సైనికులు మన తాతల కాలం నాటి సైనికులు కారు. వాళ్ల ఎముకల చుట్టూ సన్నటి లోహపు తీగ అల్లి ఉంటుంది. గాయమైతే తెల్లారేసరికి పూడిపోతుంది. చెవి వెనక, చర్మం కింద, బఠాణీ గింజంత మిషన్ ఒకటి పెడతారు. అది నడుస్తున్నంత కాలం నిద్ర అక్కర్లేదు, అలసట ఉండదు, బెంగా భయం అసలే ఉండవు. వారాల తరబడి రెప్ప వెయ్యకుండా సరిహద్దులో కాపలా కాస్తారు. దానికి వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పేరు మేలుకొలుపు. ఉద్యోగం అయిపోయాక దాన్ని ఆపేస్తారు. ఆపగానే నిద్ర రావాలి కదా, రాదు. అన్నేళ్లు వాడకపోయేసరికి ఒళ్లు ఆ దారే మరిచిపోయి ఉంటుంది. మాత్రలు వేస్తే ఆ రక్తం వాటిని విషమనుకుని బయటికి నెట్టేస్తుంది.

మొదటిరోజు ఆ వార్డులో అడుగుపెట్టి ఆయమ్మ ఆరడుగుల మగాళ్లని ఒక వరసలో చూసింది. అందరి కళ్లూ నిప్పుకణికల్లా ఉన్నాయి. చూసి, కొంగు నడుముకి దోపి, ఏంటర్రా ఈ గోల, పక్కలు ఇలాగేనా వేసుకునేది అని మొదలుపెట్టింది. వాళ్లు బిత్తరపోయారు. వాళ్లని గదమాయించినవాళ్లు అంతవరకూ పై అధికారులే తప్ప ముసలావిడ ఎవరూ లేరు. మధ్యాహ్నం పూటే మొదలుపెట్టింది, ఎందుకంటే రాత్రి పడుకోవాలంటే వాళ్లకి ఒళ్లు మండేది, రాత్రంటే డ్యూటీ. ఒకడికి కిటికీ తెరిచి ఉండాలి, ఒకడికి పాదాల మీద బరువైన దుప్పటి ఉండాలి, ఇంకొకడికి పడుకునేముందు నాలుగు చీవాట్లు పడాలి. చీవాట్లకి మాత్రం ఆవిడ దగ్గర ఎప్పుడూ కరువు లేదు. అందరి మధ్యా కుర్చీ వేసుకుని, పాత పద్ధతిలోనే కళ్లు మూసుకుని గురక నటించేది. నమ్మినా నమ్మకపోయినా, నెల తిరక్కుండా ఆ వార్డులో మగాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఇళ్లకి వెళ్లడం మొదలైంది. పోతూ పోతూ కొందరు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టబోతే, పోండి పోండి, వెళ్లి పెళ్లాలని విసిగించండి అని తరిమేది.

సరిగ్గా అప్పుడు బుడ్డోడు వచ్చాడు.

బుడ్డోడు ఆయమ్మ చెల్లెలి కొడుకు. చెల్లెలు మిల్లులో దారం చుట్టేది. వాడు పుట్టిన మూడో నెల నుంచీ ఆ పొడవాటి గదిలో, ఆయమ్మ ఒళ్లోనే పెరిగాడు. చెల్లెలు చనిపోయాక పూర్తిగా ఆవిడే పెంచింది. గిడసబారినట్టు ఉండేవాడని ఆ పేరు పెట్టింది. ఇప్పుడు గుమ్మంలోంచి తల వంచుకుని రావాల్సినంత మనిషయ్యాడు. సైన్యంలో చేరాక ఇన్నేళ్లలో ఒక్కసారీ సెలవు మీద రాలేదు. వాణ్ణి చూడగానే ఆయమ్మ పరిగెత్తి వెళ్లి నడుము చుట్టూ చేతులు వేసి భోరుమంది. వాడు చేతులు కిందికి వేలాడేసి అలాగే నిలబడ్డాడు. దగ్గరికి తీసుకుంటే ఎముకలు విరుగుతాయేమోనని ఆగానని తర్వాత చెప్పాడు. ఆ చెప్పింది నిజమేనని టీ ఇచ్చినప్పుడు తెలిసింది. స్టీలు గ్లాసు పట్టుకున్నాడు, అది కాగితం నలిగినట్టు నలిగిపోయింది. టీ చేతి మీదినుంచి కారుతోంటే వాడు దానివంక ఊరికే చూశాడు. రెప్ప కూడా వెయ్యలేదు. ఆయమ్మ నవ్వేసి, చిన్నప్పటినుంచీ నీకు వస్తువులంటే జాలి లేదురా అని గుడ్డ తెచ్చి తుడిచింది.

డాక్టరమ్మ వాడి సంగతి విడిగా చెప్పింది. మిగతావాళ్లకి లేనిది వాడికి ఒకటి ఉంది. ముందుగా వెళ్లి, గోడల అవతల ఎవరున్నారో విని చెప్పే పని వాడిది. అందుకని చెవులు మార్చారు. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మిషన్ ఆపగలిగాం గానీ చెవుల్ని వెనక్కి తేలేమని అంది. ఇంకో మాట కూడా చెప్పింది. నెలాఖరుకి పై నుంచి డాక్టర్లు పరీక్షకి వస్తారు. అప్పటికీ సొంతంగా నిద్రపట్టనివాళ్లకి మిషన్ మళ్లీ నడిపిస్తారు, నిద్ర లేకుండా మనిషి బతకడు కాబట్టి. అది నడుస్తున్న మనిషికి ఇల్లుండదు, మళ్లీ సరిహద్దే. రెండోసారి నడిపిస్తే ఇక ఆపడమంటూ ఉండదు.

ఆయమ్మ గుండెలో రాయి పడింది. పైకి మాత్రం, మిల్లంతా పడుకోబెట్టినదాన్ని, నా పిల్లాణ్ణి పడుకోబెట్టలేనా అంది.

పడుకోబెట్టలేకపోయింది. మర్యాదగా పక్కమీద వాలి, మర్యాదగా కళ్లు మూసుకునేవాడు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి గురక మొదలుపెట్టగానే, కళ్లు తెరవకుండానే, నువ్వు నిద్రపోవట్లేదు పెద్దమ్మా అనేవాడు. ఆవిడ గురక ఇంకా పెంచేది. గురకలో తేడా లేదుగానీ గుండె మెలకువగానే ఉందని వాడు చెప్పేవాడు. పక్క మంచాలవాళ్లు దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. ఆయమ్మకి చిర్రెత్తుకొచ్చేది. తన విద్య అలా ఒకడి చెవుల ముందు తేలిపోవడం ఆవిడకి కొత్త.

అసలు సంగతి చప్పుడని ఆవిడ తేల్చేసుకుంది. ఇక చూడాలి ఆవిడ హడావుడి. తలుపుల బందులకి నూనె పోసింది. గోడ గడియారం దింపి వంటగదిలో పెట్టింది. ఫ్యాను ఆపించింది. చెప్పులు గుమ్మం బయటే విడవాలని ఆర్డరు వేసింది, డాక్టరమ్మకి కూడా మినహాయింపు లేదు. కారుతున్న కుళాయికి గుడ్డ చుట్టింది. చివరికి మిగిలిన నలుగురినీ పక్క గదిలోకి మార్పించి, బుడ్డోడి చెవుల్లో దూది కుక్కింది. వాడు నవ్వి, దూది రాసుకునే చప్పుడు కూడా వినిపిస్తోందన్నాడు. రోజులు గడిచేకొద్దీ వాడి మొహం పీక్కుపోయింది. మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు, గోడ పట్టుకుని నడిచేవాడు. మిషన్ మళ్లీ నడిపించుకుంటే పోతుందిగా పెద్దమ్మా, అప్పుడు ఏ బాధా ఉండదు, హాయిగా ఉంటుంది అన్నాడొకరోజు. హాయి అనే మాట వాడెక్కడ నేర్చుకున్నాడో ఆవిడకి అర్థం కాలేదు.

గదిలో శబ్దమంతా చచ్చిపోయిన ఆ మధ్యాహ్నాల్లో ఒకరోజు, వాడే నోరు విప్పాడు.

"పెద్దమ్మా, అన్నీ ఆపేశావు. ఇప్పుడు నాకు నీ గుండె ఒక్కటే వినిపిస్తోంది. నేను కదిలినప్పుడల్లా అది పరిగెడుతోంది."

"ముసలి గుండెరా. ఎలా పడితే అలా కొట్టుకుంటుంది."

"వంటావిడతో మాట్లాడేటప్పుడు అలా కొట్టుకోదు. నా దగ్గరే."

నువ్వంటే నాకు భయమేంట్రా, ముడ్డి కడిగి పెంచినదాన్ని అని ఆవిడ కసిరింది. వాడు గోడవైపు తిరిగాడు. గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. సరిహద్దులో వాడు వెతికేది అదే చప్పుడట. గోడ అవతల ఒక గుండె పరిగెడుతోందంటే అక్కడెవరో సైనికులకి భయపడి దాక్కున్నారన్నమాట. ఆ చప్పుడు వినబడితే పని మొదలైనట్టే. ఇన్నేళ్లూ ఒళ్లు అదే నేర్చుకుంది. అలాంటి గుండె పక్కన పెట్టుకుని నిద్రపొమ్మంటే ఎలాగన్నాడు. ఈ భవనంలో ఎవరి గుండె విన్నా అలాగే ఉందన్నాడు. నోళ్లు మాత్రం బాబూ, నాయనా అంటున్నాయని కూడా అన్నాడు.

ఆయమ్మ ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ దిగాల్సిన చోట దిగలేదు. భయమా, వాడంటేనా అని తనని తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే గ్లాసు నలిగిన క్షణం గుర్తొచ్చింది. నిజమే. గ్లాసుకంటే ఆ రెప్ప వెయ్యని కళ్లే ఎక్కువ భయపెట్టాయి. తన చేతుల్లో పెరిగిన పిల్లాడి దగ్గర తను తలుపుకి దగ్గరగా కుర్చీ వేసుకుంటోందని అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆవిడకి.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికెళ్లి, వాడి దగ్గరికి ఇంకో ఆయాని పంపండమ్మా, నావల్ల వాడికి చెడుపే జరుగుతోంది అని బతిమాలింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మిగతా ఆయాలు ఆ గదిలోకి వెళ్లమంటే చీటీలు వేసుకుంటున్నారని చెప్పింది. గొంతు తగ్గించి, నేను లోపలికెళ్లే ముందు గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టుకుంటాను, మీరైనా నయం అంది. పరీక్ష ఎల్లుండే.

ఆ మధ్యాహ్నం ఆయమ్మ కుర్చీని తలుపు దగ్గర్నుంచి ఈడ్చుకెళ్లి మంచానికి ఆనించి వేసింది. దూది పీకేసింది. వాడు కళ్లు తెరిచే ఉన్నాడు.

"అవునురా, నువ్వంటే నాకు భయమే," అంది.

వాడు తల తిప్పి చూశాడు.

చెప్పాక ఇక ఆగలేదు, ఆగే నోరు కాదు కదా అది. నీ చేతులు చూస్తే భయం, నీ కళ్లు చూస్తే భయం అంది. నిద్రలో ఉలిక్కిపడి నా మెడ పట్టుకుంటే నా గతేంటని రోజూ అనుకుంటున్నానంది. ఎవర్ని ఏం చేసొచ్చావో అడగాలంటే భయం, అడక్కపోతే ఇంకా భయం అంది. ఎల్లుండి నిన్ను మళ్లీ తీసుకుపోతారని ఉందే, దాని ముందు ఇవన్నీ ఒక లెక్క కాదురా అని, అక్కడికి వచ్చేసరికి మాట ముక్కలైపోయి ఏడ్చేసింది. వాడి మంచం పట్టెకి తల ఆనించి ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. వాడు చెయ్యి ఎత్తి, గాల్లో ఆపి, మళ్లీ పక్కమీదే పెట్టుకున్నాడు.

"అందరూ భయం లేదనే అన్నారు పెద్దమ్మా," అన్నాడు. "భయమని చెప్పింది నువ్వొక్కదానివే."

చెప్పి నవ్వాడు. వచ్చినప్పటినుంచీ వాడు పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు. ఆవిడకి ఒళ్లు మండి, నవ్వు, నవ్వు, నీకేం పోయింది, ఇన్నాళ్లూ దాచుకోలేక నేను చస్తే అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో వెనక్కి వాలింది. గుండెల మీది బరువంతా దించి కింద పెట్టినట్టుంది. ఎన్ని రోజులుగానో ఆవిడకీ సరైన నిద్ర లేదు. కాసేపు కళ్లు మూసుకుంటే వాడు ఏమంటాడో చూద్దాం అనుకుంది. వాడు ఏమీ అనలేదు, లేదా అన్నా ఆవిడకి వినబడలేదు.

భుజం మీద చెయ్యి పడితే మెలకువొచ్చింది. డాక్టరమ్మ. ఎండ కిటికీలోంచి గది ఆ చివరికి పోయింది. ఆయమ్మ గుండె గుభేలుమంది. పనివేళ నిద్ర, అదీ నోరు తెరుచుకుని. తప్పైపోయిందమ్మా అని లేవబోయింది. డాక్టరమ్మ ఆవిడ భుజం నొక్కి కూర్చోబెట్టి మంచంవైపు చూపించింది. అక్కడ బుడ్డోడు బోర్లా పడి, ఒక కాలు మంచం బయటికి వేలాడేసి, తలగడ తడిసేలా చొంగ కారుస్తూ నిద్రపోతున్నాడు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి.

ఆయమ్మ తనివితీరా చూసుకుంది. గెలిచేశాం అనుకుంది. ఇక ఇంటికి తీసుకెళ్లి, ఉన్న ఒక్క గదిలో వాడి కాళ్లు పట్టేలా మంచం ఎలా వెయ్యాలా అని లెక్కలు కూడా మొదలుపెట్టింది.

అంతలో వాడు ఒక్క ఉదుటున లేచాడు. గోడ మూలకి పాకి, రెండు చేతులతో చెవులు మూసుకుని, మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. ఆయమ్మ పిలిస్తే పలకలేదు. చివరికి చెప్పాడు. కలొచ్చింది. గోడ అవతల గుండెలు వినిపించాయి. నిజంగా జరిగినప్పుడు అవి ఒక్కొక్కటే ఆగిపోతుంటే వాడు వింటూ, లెక్కచెబుతూ కూర్చున్నాడు. అప్పుడు ఏమీ అనిపించలేదు, మిషన్ అనిపించనివ్వలేదు. ఇప్పుడు అనిపించింది. అన్నింటికీ కలిపి ఒక్కసారే అనిపించింది.

"ఎల్లుండి మిషన్ మళ్లీ నడిపించేసుకుంటా పెద్దమ్మా. ఇది నావల్ల కాదు."

పిల్లలకి పీడకలలొస్తే ఏం చెప్పాలో ఆవిడకి బాగా తెలుసు. ఏం లేదు నాన్నా, ఉత్తదే, అంతా అబద్ధం అని వీపు నిమిరేది. వీడికి ఆ మాట ఎలా చెబుతుంది? ఉత్తది కాదు. పైగా వీడికి అబద్ధం చెప్పడం కుదరదు. కిందికి దిగి, వాడి పక్కన నేల మీద చతికిలబడింది.

"రేపు పడుకుంటే మళ్లీ వస్తుందా?" అన్నాడు వాడు.

"వస్తుందిరా. చాలాకాలం వస్తుందనుకుంటా."

"నువ్వు ఆపలేవా?"

"లేను."

"మరి నువ్వేం చేస్తావు?"

"పక్కనుంటాను. అంతకంటే నాకు చేతనైంది ఏమీ లేదు."

"నేను ఉలిక్కిపడి లేస్తాను. నీకు భయమేస్తుంది."

"వేస్తుంది. వేస్తే వేసింది. లేచిపోతానా?"

వాడు చేతులు చెవుల మీదినుంచి తీశాడు. కళ్లు మూసుకుని, తల కొంచెం ఆవిడవైపు వంచాడు. వింటున్నాడని ఆవిడకి అర్థమైంది. గుండె నిమ్మళంగా కొట్టుకోవాలని ఆవిడ ప్రయత్నం చెయ్యలేదు. అది ఎలా కొట్టుకుంటే అలా కొట్టుకోనిచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుంది. వాడు విన్నంతసేపు విని, ఏమీ చెప్పకుండానే లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. మర్నాడు పడుకున్నాడు, మళ్లీ అలాగే లేచాడు. మిషన్ మాట ఆయమ్మ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. అడిగి ఒత్తిడి పెట్టకూడదని ఆవిడ నాలుక కరుచుకుని కూర్చుంది. ఆవిడ జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు, అదే చివర.

పరీక్షరోజు పై డాక్టర్లు బల్లకి అటువైపు కూర్చున్నారు. ఆయాలు లోపలికి రాకూడదు, ఆయమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్లలో పెద్దాయన కాగితాలు తిరగేసి, నీకు నిద్ర పట్టిందని రాశారు, కలల సంగతీ రాశారు అన్నాడు. మనిషి మంచివాడే, గొంతులో జాలి ఉంది. ఈ కలలు తగ్గడానికి ఏళ్లు పట్టొచ్చు, అసలు తగ్గకపోవచ్చు, నువ్వు కోరుకుంటే ఇవాళే మిషన్ నడిపిస్తాం, ఇక ఏ బాధా తెలియదు అన్నాడు. ఆయమ్మ గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుంది. బుడ్డోడు వెనక్కి తిరిగి చూడలేదు.

"వద్దండీ," అన్నాడు. "పడుకుంటాను."

ఒక్కడివే భరించలేవు బాబూ అన్నాడు పెద్దాయన.

"ఒక్కణ్ణే కాదండీ. మా పెద్దమ్మ పక్కనుంటానంది."

అలాగే అంటారు, అందరి ఇళ్లలోనూ మొదట్లో అలాగే అంటారు అన్నాడాయన మెల్లిగా.

"అన్నప్పుడు నేను ఆవిడ గుండె విన్నానండీ," అన్నాడు వాడు. "భయపడుతూనే ఉంది. కానీ అబద్ధం చెప్పట్లేదు."